కాలిబ్రేషన్ ఫైళ్ళు పారేయమనే వాదానికి జవాబు

"ఇమేజ్ తయారైపోయింది కదండీ, ఇంకా ఈ డార్కులూ ఫ్లాట్లూ దేనికి? డిస్కు నిండిపోతోంది, తీసిపారేయండి." ఖగోళ డేటాతో పనిచేసే గదుల్లో ఈ మాట వినని నెల ఉండదు. పరిశోధన సంస్థల్లో విన్నాను. టెలిస్కోపు ఉన్న కాలేజీల్లో విన్నాను. మల్కాజ్‌గిరిలో మా డాబా మీదికి టెలిస్కోపు మోసుకొచ్చే పిల్లల నోట కూడా విన్నాను. అనేవాళ్ళు బద్ధకస్తులు కారు. పని తెలిసినవాళ్ళు, రాత్రంతా మేలుకునేవాళ్ళు. వాళ్ళు అంటున్నారు కాబట్టే ఇది నియమంలా చెలామణీ అవుతోంది. కొత్తగా చేరే పిల్లలు దీన్నే మొదటి పాఠంగా నేర్చుకుంటున్నారు. అందుకే గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

ముందు వాళ్ళ వాదాన్ని, వాళ్ళు చెప్పుకునేంత బలంగానే చెబుతాను.

టెలిస్కోపు కెమెరా ఇచ్చే ముడి చిత్రంలో ఆకాశంతో పాటు కెమెరా కూడా కలిసిపోయి ఉంటుంది. వెలుగు పడకపోయినా ప్రతి పిక్సెల్ ఏదో ఒక అంకె చూపిస్తుంది. అదెంతో తెలుసుకోవడానికి సున్నా సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీసేది బయాస్. కెమెరా వేడికి పుట్టే ఎలక్ట్రాన్లను లెక్కగట్టడానికి మూత వేసి, నక్షత్రానికి ఇచ్చినంతసేపూ తీసేది డార్క్. ఒకే వెలుగుకు ఒక పిక్సెల్ ఎక్కువగా, ఇంకోటి తక్కువగా స్పందిస్తుంది, అద్దాల మీద దుమ్మూ ఉంటుంది. ఆ తేడాలు పట్టుకోవడానికి సంధ్యాకాశాన్నో తెల్లటి తెరనో తీసేది ఫ్లాట్. స్పెక్ట్రోగ్రాఫ్ అయితే తరంగదైర్ఘ్యాలు గుర్తుపట్టడానికి థోరియం-ఆర్గాన్ దీపం గీతలు కూడా తీస్తారు. ఈ కాలిబ్రేషన్ ఫ్రేములను వరసగా ముడి చిత్రానికి వర్తింపజేసే ప్రోగ్రాముల గొలుసే రిడక్షన్ పైప్‌లైన్. దాని చివర కొలతకు పనికొచ్చే చిత్రం బయటికొస్తుంది. ఇల్లు లేచాక పరంజా విప్పేసినట్టు, ఈ చిత్రం వచ్చాక కాలిబ్రేషన్ ఫైళ్ళు విప్పేయాలంటారు వాళ్ళు. స్థలం దండగంటారు. దాచక తప్పదంటే అన్నిటినీ కలిపి చేసిన మాస్టర్ ఒక్కటి చాలంటారు. కొత్త కాలిబ్రేషన్ వచ్చినప్పుడు పాతదాని మీదే రాసేయమంటారు. ఏ ఫైలు దేనికి వాడాలో పైప్‌లైనే చూసుకుంటుందంటారు. అన్నిటికీ మించి, ఫలితం అచ్చయ్యాక అనుమానమొస్తే ఆకాశం ఎక్కడికీ పోదు, మళ్ళీ తీసుకోవచ్చంటారు.

ఐదూ వినడానికి సబబుగానే ఉంటాయి. ఐదూ తప్పే.

1. డిస్కు నిండుతుందన్న మాట

లెక్క వేసి చూద్దాం. 2048 × 2048 పిక్సెళ్ళ సీసీడీ కెమెరా, పిక్సెల్‌కి రెండు బైట్లు అనుకుంటే ఒక ఫ్రేము 8.4 మెగాబైట్లు. రాత్రికి 10 బయాస్, 10 డార్క్, నాలుగు ఫిల్టర్లకు ఏడేసి ఫ్లాట్ల చొప్పున మొత్తం 48 ఫ్రేములు. అంటే 400 మెగాబైట్లు. వానాకాలం పోగా ఏడాదికి 200 రాత్రులు పని జరిగిందనుకున్నా 80 గిగాబైట్లు. ఒక్క టెరాబైట్ డిస్కులో పన్నెండేళ్ళ కాలిబ్రేషన్ పడుతుంది. సమాచారం పోకుండా కుదించి దాస్తే ఇంకా ఎక్కువే పడుతుంది. మా వీధిలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఒక్క ముహూర్తాల సీజన్లో ఇంతకంటే ఎక్కువ దాస్తుంది.

మరి పెద్ద టెలిస్కోపుల సంగతో? చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీకి రాత్రికి దాదాపు 20 టెరాబైట్ల డేటా వస్తుంది. నిజంగా స్థలానికి కటకటపడాల్సింది వాళ్ళు. వాళ్ళు కాలిబ్రేషన్‌ను పారేయకుండా, ఏ ఫైలు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసిపెట్టే వ్యవస్థను కట్టుకున్నారు. స్థలం పేరు చెప్పి చెరిపేసేవాళ్ళకు అసలు అడ్డం వచ్చేది స్థలం కాదు. ఏ ఫోల్డర్లో ఏముందో ఎవరూ రాయలేదు, ఇప్పుడు వెతకడం కంటే చెరిపేయడం తేలిక. అది చెప్పుకోలేక డిస్కు మీదికి నెడుతున్నారు.

2. మాస్టర్ ఒక్కటి చాలన్న మాట

ఏడు ఫ్లాట్లను కలిపి ఒక మాస్టర్ చేస్తాం. సగటు తీస్తే ప్రతి ఫ్రేములోనూ ఉండే చిల్లర గోల తగ్గుతుంది, నిజమే. కానీ ఆ ఏడింటిలో ఒకదాంట్లో పల్చటి మబ్బు అడ్డొచ్చిందనుకోండి. సంధ్య చీకటి పడుతుండగా చివరి రెండింట్లో నక్షత్రాలు కనబడ్డాయనుకోండి. ఆ మచ్చ ఏడో వంతుకు తగ్గి మాస్టర్‌లో కరిగిపోతుంది. కరిగింది గానీ పోలేదు. ఆ మాస్టర్‌తో భాగించిన ప్రతి చిత్రంలోనూ అది ఉంటుంది. విడి ఫ్రేములుంటే పదేళ్ళ తర్వాతైనా ఒకటొకటిగా తెరిచి చెడ్డదాన్ని తీసేసి మళ్ళీ కలుపుకోవచ్చు. మాస్టర్ ఒక్కటే మిగిలితే, కలిపిన పాలలోంచి నీళ్ళు ఎవరు తీస్తారు?

దీన్ని నా కళ్ళతో చూశాను. ఆనంద్‌బాగ్ వైపు నుంచి ఎమ్మెస్సీ చదివే ఒకమ్మాయి ఓ మే నెల సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. రెండు నెలలుగా చేస్తున్న పని. ఒక నక్షత్రం వెలుగు రెండు గంటల సేపు ఒక శాతం తగ్గి, మళ్ళీ మామూలుకు వచ్చింది. గురుగ్రహమంత గ్రహం సూర్యుడి వంటి నక్షత్రం ముందు నుంచి దాటితే సరిగ్గా అంతే తగ్గుతుంది. ఆ పిల్ల కళ్ళలో మెరుపు నాకింకా గుర్తే.

"ఆ రాత్రి ఫ్లాట్లు చూపించమ్మా" అన్నాను.

"మాస్టర్ ఉందంకుల్. విడివి మా ల్యాబ్‌లో డిలీట్ చేసేశారు."

మాస్టర్ తెరిచాం. ఫైలు పేరు "మాస్టర్ ఫ్లాట్ న్యూ ఫైనల్". హెడర్లో, అంటే ఫైలు మొదట్లో వివరాలు రాసుండే చోట, తీసిన తేదీ లేదు. ఫిల్టర్ పేరు లేదు. ఎన్ని ఫ్రేములు కలిపారో లేదు. తెర మీద కాంట్రాస్ట్ పెంచి చూస్తే కుడివైపు కింద ఒక గుండ్రటి ఉంగరం. ఫిల్టర్ మీద కూర్చున్న ధూళి రేణువు నీడ అది. ఫోకస్‌లో ఉండదు కాబట్టి సున్నాలా కనిపిస్తుంది. ఇప్పుడు ఆమె రిడక్షన్ చేసిన చిత్రాలు తెరిచాం. అదే చోట మామూలు కంటే వెలుగైన ఉంగరం, దానికి కాస్త పక్కన మసకగా ఇంకో ఉంగరం. అంటే ఫ్లాట్ తీసిన రోజుకీ నక్షత్రాన్ని తీసిన రోజుకీ మధ్య ఫిల్టర్ చక్రం తిరిగింది, ధూళి జరిగింది. పాత ఫ్లాట్ లేని నీడను తీసేయబోయి లేని వెలుగు పుట్టించింది, ఉన్న నీడను వదిలేసింది. ట్రాకింగ్ కాస్త జారడంతో నక్షత్రం ఆ రెండు గంటల్లో ఆ మసక ఉంగరం అంచు మీదుగా వెళ్ళింది.

అయితే ఆ ఒక్క శాతం గ్రహమా, ధూళా? ఉంగరం లోతు ఎంతో తేలాలంటే ఆ రాత్రి ఫ్లాట్ కావాలి. అది లేదు. అసలు ఆ రాత్రి ఫ్లాట్లు తీశారో లేదో చెప్పే కాగితం కూడా లేదు. ఉందనడానికీ లేదు, లేదనడానికీ లేదు. ఫలితం తప్పయితే దిద్దుకుంటాం, ఒప్పయితే ప్రచురిస్తాం. తప్పో ఒప్పో తేల్చుకునే దారే మూసేస్తే ఏం చేస్తాం? ఆ పిల్ల రెండు నెలల కష్టం ఎటూ కాకుండా పోయింది. మాస్టర్ చాలు అన్నవాళ్ళు ఆమె ముందు కూర్చుని ఆ మాట అనగలరా?

3. కొత్తది వస్తే పాతది అక్కర్లేదన్న మాట

కొత్త కాలిబ్రేషన్ సాధారణంగా మెరుగైనదే, కాదనను. కానీ అందులోంచి "పాతదాని మీద రాసేయి" అన్న ముగింపు రాదు. ఆ రెండింటి మధ్యా ఒక లంకె తెగిపోయి ఉంది: పాతదానితో ఇప్పటికే అచ్చయిన ఫలితాల మాటేమిటి?

జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఉదంతం చూడండి. మొదటి చిత్రాలు 2022 జులై 12న విడుదలయ్యాయి. వారం తిరగకముందే తొలినాటి గెలాక్సీల గురించి పరిశోధన పత్రాలు వరద కట్టాయి. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్న వెలుగు కొలమానం చాలావరకు ప్రయోగానికి ముందు భూమ్మీద తయారు చేసుకున్నది. అంతరిక్షంలో ప్రామాణిక నక్షత్రాలను చూసి తయారు చేసిన కొత్త ఫైళ్ళు ఆ జులై చివరి నుంచి రాసాగాయి. కొన్ని ఫిల్టర్లలో, కొన్ని డిటెక్టర్లలో వెలుగు పది శాతానికి పైగా మారింది. దూరాన్ని వేర్వేరు ఫిల్టర్లలో కనబడే వెలుగుల నిష్పత్తి నుంచి అంచనా వేశారు కాబట్టి కొన్ని గెలాక్సీల దూరాలను మళ్ళీ లెక్కగట్టాల్సి వచ్చింది.

ఆ గందరగోళం గందరగోళంగానే మిగిలిపోకపోవడానికి ఒకటే కారణం. అక్కడి వ్యవస్థలో ప్రతి కాలిబ్రేషన్ ఫైలుకూ ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యను మరో ఫైలుకు మళ్ళీ ఇవ్వరు. ఏ చిత్రానికి ఏ ఫైళ్ళు వర్తిస్తాయో చెప్పే నియమాల పట్టీకి కూడా సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ప్రతి చిత్రం హెడర్లోకీ ఎక్కుతుంది. అందుకే ఫలానా పత్రం ఫలానా సంఖ్య పట్టీతో చేసింది, ఇది తర్వాతి పట్టీతో చేసింది, తేడా ఇక్కడి నుంచి వచ్చింది అని వేలు పెట్టి చూపగలిగారు. పాతదాని మీద కొత్తది రాసేసి ఉంటే, ఒకే పేరున్న ఫైలుతో చేసిన రెండు పత్రాలు రెండు జవాబులు చెప్పేవి. ఎవరిది తప్పో తెలియక ఏళ్ళ తరబడి కొట్టుకునేవాళ్ళు.

పాత ఫైలును పనిలోంచి తప్పించాలి, సరే. చెరిపేయడం వేరు. పదవీ విరమణ చేసిన ఉద్యోగి సర్వీసు రిజిస్టరును ఎవరైనా చించేస్తారా?

4. పైప్‌లైన్ చూసుకుంటుందన్న మాట

పైప్‌లైన్ హెడర్లో ఉన్నది చూస్తుంది, అంతకుమించి ఏమీ చూడదు. హైదరాబాదు వేసవినే తీసుకోండి. మే నెలలో రాత్రి పదకొండయినా డాబాల సెగ తగ్గదు. కెమెరాను సున్నాకు 20 డిగ్రీలు దిగువకు చల్లబరచమని ఆజ్ఞ ఇస్తాం. కూలర్ ఎంత గింజుకున్నా 12 దిగువ దగ్గరే ఆగిపోతుంది. హెడర్లో రెండు అంకెలుంటాయి: అడిగిన ఉష్ణోగ్రత, నిజంగా వచ్చిన ఉష్ణోగ్రత. డార్కును ఎంచుకునే నియమం అడిగిన ఉష్ణోగ్రతను చూసేలా రాసుకుంటే, పైప్‌లైన్ జనవరిలో తీసిన చల్లటి డార్కును తెచ్చి మే నెల చిత్రంలోంచి తీసేస్తుంది. ఆరేడు డిగ్రీలు పెరిగితే డార్క్ దాదాపు రెండింతలవుతుంది. ఎనిమిది డిగ్రీల తేడా అంటే తీసేయాల్సిన దాంట్లో సగం కూడా తీయలేదన్నమాట. పైప్‌లైన్ ఎర్ర గీత చూపించదు, ఆగిపోదు, పని విజయవంతంగా పూర్తయిందని రాస్తుంది. చిత్రం నిండా వేడి పిక్సెళ్ళు చుక్కలు చుక్కలుగా మిగిలిపోతాయి. వాటిల్లో ఒకటి మీ నక్షత్రం కిందే ఉండొచ్చు.

ఎంపిక చేసేది యంత్రమైనా ఎంపిక నియమం రాసేది మనిషే. ఆ నియమానికీ తేదీ ఉండాలి, సంఖ్య ఉండాలి, దాన్ని మార్చిన మనిషి పేరుండాలి. మల్కాజ్‌గిరి మార్కెట్లో కూరగాయల త్రాసుకు కూడా తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు తీరితే మళ్ళీ వేయించుకోవాలి. అరకిలో బెండకాయల దగ్గర మనం కోరే జవాబుదారీని విశ్వాన్ని కొలిచే చోట వద్దనుకోవడం ఏం న్యాయం?

5. ఆకాశం ఎక్కడికీ పోదన్న మాట

అన్నిటిలోకీ బలమైనదిగా చెప్పుకునే మాట ఇదే, నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేదీ ఇదే.

ఆకాశం పోతుంది, కెమెరా కూడా పోతుంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి లేచిన ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. దాని మూడు ఛానళ్ళలో ఒకటి, దగ్గరి అతినీలలోహితాన్ని చూసేది, 2018లో పనిచేయడం మానేసింది. అంతకుముందు అది చూసినవన్నీ విలువైనవే. కానీ ఆ డిటెక్టర్‌కి కొత్త ఫ్లాట్ తీయడం ఇక ఎవరి తరమూ కాదు. బతికున్న రోజుల్లో తీసి దాచినదే దిక్కు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా వెళ్ళింది. గ్రహణ వేళ నిమిషాల సేపే కనబడే సూర్యుడి కరోనాను ఫిల్ముకెక్కించాక, నలుపు ఎంతుంటే వెలుగు ఎంతో చెప్పాలంటే అదే ఫిల్ము మీద, అదే రసాయనంలో కడిగిన కొలత మెట్లు కావాలి. అవి లేని ఫిల్ము అందమైన ఫోటోగా మిగులుతుందే గానీ కొలతకు అక్కరకు రాదు. ఆ గ్రహణాన్ని మళ్ళీ ఎవరు తీస్తారు?

ఇక మన ఊళ్ళోనే, సికింద్రాబాద్ దాటి బేగంపేట వెళితే, దీనికి నూరేళ్ళ రుజువుంది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ ఆయన తదనంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటకు చేరింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తండ్రి ఉద్యోగం చేసిన చోటది, ఆ కుర్రాడు ఆకాశం చూడటం నేర్చుకున్న చోటది. 1887లో పారిస్‌లో కూడిన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్నంతా ఫోటో ప్లేట్ల మీదికెక్కించాలని పథకం వేసి, ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీ రాజధాని శాంటియాగోకు పడింది. అక్కడ సాగలేదు. దాన్ని హైదరాబాదు తలకెత్తుకుంది. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో 1914 నుంచి 1920ల చివరి దాకా ఆ పట్టీ పూర్తి చేసి, ఆపైన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా తీసుకుంది. పొకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ దీన్ని నడిపారు. పన్నెండు సంపుటాలు అచ్చయ్యాయి.

ఆ ప్లేట్ల మీద ఏముండేదో దగ్గరగా చూడండి. నక్షత్రాల వైపు తిప్పడానికి ముందే ప్లేటును రెజో అనే గళ్ళ గాజు పలకకు ఆనించి క్షణం సేపు వెలుగు చూపించేవారు. ఐదేసి మిల్లీమీటర్ల గళ్ళు కంటికి కనబడకుండా ప్లేటు మీది ఎమల్షన్ పూతలో దిగేవి. ఆ తర్వాత నక్షత్రాలు తీసి, రెండిటినీ ఒకేసారి కడిగేవారు. తడిసి ఆరేటప్పుడు ఎమల్షన్ ముడుచుకుంటే గళ్ళూ ముడుచుకుంటాయి, నక్షత్రాలూ ముడుచుకుంటాయి. కాబట్టి నక్షత్రం స్థానాన్ని ప్లేటు అంచు నుంచి కాక దగ్గరి గడి గీత నుంచి కొలిచేవారు. కాలిబ్రేషన్ డేటాతో పాటే, డేటా ఒంటి మీదే అచ్చయి ఉండేదన్నమాట. సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి కూర్చుని ఒక్కో చుక్కకు అడ్డం, నిలువు కొలిచి, ఆ ముడి కొలతలనే ప్లేటు వారీగా అచ్చువేశారు. వాటిని ఆకాశ అక్షాంశ రేఖాంశాలుగా మార్చే స్థిరాంకాలను విడిగా ఇచ్చారు.

అలా ఎందుకు చేశారు? తుది జవాబు ఒక్కటే అచ్చేసి చేతులు దులుపుకోవచ్చు కదా! ఆనాటి స్థిరాంకాలు ఆనాటి ప్రామాణిక నక్షత్రాల పట్టికల మీద ఆధారపడ్డాయని, ఆ పట్టికల్లో తప్పులున్నాయని, ముందుతరాలవాళ్ళు మెరుగైనవి తెస్తారని వాళ్ళకు తెలుసు. డెబ్బై ఎనభై ఏళ్ళు గడిచాయి. 1989లో హిప్పార్కోస్ ఉపగ్రహం లేచింది, 1997లో దాని పట్టిక వెలువడింది. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ వాళ్ళు హైదరాబాదుతో సహా అన్ని పట్టీల పాత కొలతలనూ తీసి, కొత్త ప్రామాణిక నక్షత్రాలతో మొదటి నుంచి లెక్కగట్టారు. 46 లక్షల నక్షత్రాల ఏసీ 2000 పట్టిక అలా పుట్టింది. దాన్ని ఆసరా చేసుకుని, 2000లో వచ్చిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాలు ఏటా ఎటు ఎంత కదులుతున్నాయో చెప్పింది.

ఆ కదలిక ఎంతో చూడండి. ఏటా ఆర్క్ సెకనులో యాభయ్యో వంతు జరిగే నక్షత్రం ఎనభై ఏళ్ళలో 1.6 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. పాత ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక ఆర్క్ నిమిషం. కాబట్టి ఆ కదలిక ప్లేటు మీద 27 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో సగం కూడా లేదు. ఎమల్షన్ ఎంత ముడుచుకుందో చెప్పే ఆ గళ్ళు లేకపోతే ఇది తేలేదా? నక్షత్రం జరిగిందా, జిగురు ముడుచుకుందా అని ఎవరు చెప్పగలిగేవారు? 1914 నాటి ఆకాశం 1914లోనే ఉంది. బేగంపేట నడిబొడ్డున ఇప్పుడు కెమెరా పెట్టి దాన్ని మళ్ళీ తీయగలిగేవారెవరూ లేరు.

ఇక్కడ తెలివైన ప్రత్యర్థి ఒకడు లేస్తాడు. "మీ ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది. పాత స్థిరాంకాలు పక్కన పెట్టి కొత్తవి వేసుకున్నారు కదా. అంటే ముడి కొలతలు చాలు, కాలిబ్రేషన్ అక్కర్లేదనేగా?" ఇది మంచి ప్రశ్న, జవాబు చెప్పి తీరాలి. స్థిరాంకాలు లెక్కలో పుట్టినవి. నక్షత్రాల నుంచే మళ్ళీ పుట్టించుకోవచ్చు. ఇవాళ్టి మాస్టర్ ఫ్లాట్, మాస్టర్ డార్క్ ఆ కోవలోవి. గళ్ళు అలాంటివి కావు. అవి ఆ రోజు, ఆ ప్లేటు మీద, ఆ క్షణంలో పడినవి. మన విడి ఫ్లాట్లు, విడి డార్కులు ఆ కోవలోవి. ఈ ఏడాది మార్చిలో ఒకానొక సాయంత్రం ఒకానొక పిక్సెల్ ఎంత మందంగా స్పందించిందో నక్షత్రాల చిత్రం నుంచి రాబట్టలేం, వచ్చే ఏడాది మార్చిలోనూ రాబట్టలేం. అంటే మనవాళ్ళ నియమం సరిగ్గా తలకిందులుగా ఉంది. మళ్ళీ పుట్టించుకోగలిగినదాన్ని దాస్తున్నారు, పుట్టించుకోలేనిదాన్ని చెరిపేస్తున్నారు. అంతేకాదు, ఏసీ 2000 చేసినవాళ్ళు ఒక్కో పట్టీలోని తప్పులను విడివిడిగా పట్టుకోగలిగింది ఏ కొలత ఏ ప్లేటుదో, ఏ టెలిస్కోపుదో, ఏ తేదీదో అచ్చులో ఉన్నందుకే. ఆ వివరాలు లేని ముడి కొలత అంకెల గుట్ట.

ప్లేటు మీద అలాంటి కాలిబ్రేషన్ గుర్తు లేని చోట ఏమవుతుందో కూడా మన దక్షిణాదిలోనే చూడొచ్చు. కొడైకెనాల్లో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళ నుంచి సూర్యుణ్ణి ఫోటో ప్లేట్ల మీద తీశారు. నూరేళ్ళ వరస, ప్రపంచంలో అరుదైన నిధి. కానీ పాత ప్లేట్లలో చాలావాటి మీద వెలుగు కొలత మెట్లు లేవు. ఇవాళ వాటిని డిజిటల్‌గా మార్చి వాడేవాళ్ళు, సూర్యుడిలో ప్రశాంతంగా ఉన్న భాగం వెలుగు మారదని అనుకుని, ఆ అనుకోలు మీద కొలమానం కట్టుకోవాల్సి వస్తోంది. అద్భుతమైన కృషి చేస్తున్నారు. అయితే సూర్యుడి వెలుగు శతాబ్ద కాలంలో మారిందా లేదా అన్నదే తెలుసుకోవాల్సిన ప్రశ్న అయినప్పుడు, మారలేదన్న ఊహతో మొదలుపెట్టాల్సి రావడం ఎంత ఇరకాటమో ఆలోచించండి. నాలుగు మెట్ల గుర్తు ప్లేటు మూల వేసి ఉంటే ఈ ఇరకాటం ఉండేది కాదు.

6. ఇక నా పక్షం

విడి కాలిబ్రేషన్ ఫ్రేములు విజ్ఞాన డేటాతో సమానమైన డేటా. నక్షత్రం చిత్రం ఎన్నాళ్ళు ఉంటే అవీ అన్నాళ్ళూ ఉండాలి. కాలిబ్రేషన్ ఫైలుకు ఒకసారి పెట్టిన పేరు ఇంకోదానికి పెట్టకూడదు. చెడ్డదని తేలిన ఫైలును ఎందుకు చెడ్డదో ఒక వాక్యం రాసి పక్కన పెట్టాలి. ఆ వాక్యం లేకపోతే రెండేళ్ళ తర్వాత వచ్చిన కుర్రాడు అదే ఫైలును మళ్ళీ పనిలోకి తెస్తాడు. డార్కును నిజంగా వచ్చిన ఉష్ణోగ్రతతో జతకట్టాలి, తేడా ఎంత దాకా ఒప్పుకుంటామో ముందే రాసుకోవాలి, అది దాటితే పైప్‌లైన్ ఆగిపోవాలి. ఫిల్టర్ చక్రాన్ని ముట్టుకున్నా, కెమెరా విప్పి బిగించినా ఆ తేదీతో పాత ఫ్లాట్ల గడువు తీరిపోవాలి.

రిడక్షన్ అయిన ప్రతి చిత్రం తన హెడర్లో తాను ఏయే ఫైళ్ళతో తయారైందో, వాటి చెక్‌సమ్ ఎంతో, ఏ వెర్షన్ పైప్‌లైన్ తనను నడిపిందో మోసుకు తిరగాలి. దీనికెంత ఖర్చు? ఖగోళ చిత్రాలు దాచే ఫిట్స్ ఫైలు హెడర్లో ఒక్కో కార్డు, అంటే ఒక్కో వరస, 80 అక్షరాలు, 36 కార్డులు కలిపి 2880 బైట్ల బ్లాకు. ఇరవై ఫైళ్ళ పేర్లు రాసినా ఒకటో రెండో బ్లాకులు పెరుగుతాయి. 8.4 మెగాబైట్ల చిత్రంలో ఒక్కో బ్లాకు శాతంలో ముప్పయ్యో వంతు. ఈ పాటి స్థలం లేదనేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మనండి.

నిజామియాలో వందేళ్ళ కిందట కంప్యూటర్ లేకుండా, చేత్తో కొలిచి, సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసినవాళ్ళు ప్లేటు వారీగా వివరం ఇవ్వగలిగారు. ఇవాళ అదే ఊళ్ళో సీసీడీ, లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఒక మాస్టర్ ఫ్లాట్ మీద తేదీ వేయలేకపోతున్నారంటే నేను ఏ సాకూ ఒప్పుకోను. థీసిస్ మీద సంతకం పెట్టే గైడ్ ముందుగా కాలిబ్రేషన్ ఫోల్డర్ తెరిపించాలి. పత్రాన్ని పరిశీలించే రిఫరీ ఏ ఫ్లాట్, ఏ రాత్రిది అని అడగాలి. "డిలీట్ చేసేశామండీ" అన్న జవాబు వస్తే ఆ పత్రాన్ని అక్కడికక్కడే వెనక్కి పంపాలి, అందులో కొత్త గ్రహం ఉందన్నా సరే.